మెట్రిక్ రెండుసార్లు తప్పిన మన జిల్లా డాక్టరు



జనవరి 12 వచ్చిందంటే మనం వివేకానందుడి పటానికి దండ వేసి ప్రార్థనలో నిలబడతాం. అదే తారీఖున పుట్టిన మన గోదావరి జిల్లా మనిషి ఇంకొకాయన ఉన్నారు. ఆయన పటం మన బడిలో ఎక్కడా లేదు. కానీ ఆయన మందు మన కడుపుల్లో ఉంది. వారానికొకసారి భోజనం అయ్యాక వరసలో నిలబెట్టి మింగించే నీలం మాత్ర ఉందే, అందులో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. సికిల్ సెల్ ఉన్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వేసుకునే చిన్న మాత్ర కూడా ఫోలిక్ ఆమ్లమే. డెల్టా ఊళ్ళల్లో బోదకాలు పోవాలని ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన నడిపిన ప్రయోగశాలలోంచే వచ్చింది. ఆయనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఈయన గురించి రాయాలని ఎందుకనిపించిందో ముందు చెబుతాను. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వచ్చాక గోడకి రెండు కాగితాలు అంటించారు. ఒకదాంట్లో తెలివైనవాళ్ళు, ఇంకోదాంట్లో వెనకబడినవాళ్ళు. నా పేరు లెక్కల పుణ్యమా అని రెండో కాగితంలో ఉంది. పోయినేడు ఇలాంటి కాగితంలోనే పేరున్న మా మిత్రుడొకడు పదో తరగతి తప్పి, ట్రంకు పెట్టె కూడా తీసుకుపోకుండా కొండమీదికి వెళ్ళిపోయాడు. వాడి పెట్టె ఇంకా మా గదిలోనే ఉంది. తెలివి అనేదాన్ని ఒక పరీక్షతో కొలవొచ్చా, నాలుగు ప్రశ్నలు అడిగి మాట్లాడించి చెప్పేయొచ్చా అని ఆ పెట్టె చూసినప్పుడల్లా అనిపిస్తుంది. సుబ్బారావు గారి జీవితం లైబ్రరీ పుస్తకంలో చదివాక ఈ ప్రశ్న ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆయన 1895లో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ళప్పుడు చదువు కన్నా డబ్బు సంపాదించడం మేలనుకుని ఇంట్లోంచి పారిపోయాడు ఈ పిల్లాడు. ఎక్కడికనుకున్నారు? కాశీకి! అక్కడికొచ్చే యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. అరటిపళ్ళ ఆలోచన గోదావరి పిల్లాడికి కాక ఎవరికొస్తుంది చెప్పండి.

తల్లి మాత్రం వదలలేదు. రాజమండ్రిలో చదువుకి పెట్టింది. అక్కడ మెట్రిక్ తప్పాడు. మళ్ళీ రాసి మళ్ళీ తప్పాడు. ఆ రోజుల్లో మెట్రిక్ అంటే ఇప్పటి మన పదో తరగతి లాంటిది, కాకపోతే ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఈలోగా తండ్రి 1913లో చనిపోయారు. మద్రాసు వెళ్ళి హిందూ హైస్కూల్లో చేరి, మూడోసారి రాసి గట్టెక్కాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రెండోసారి తప్పిన రోజున ఆయన్ని ఎవరైనా చూసి ఉంటే ఏమనుకుని ఉంటారు? మొద్దు అనే అనుకుని ఉంటారు. తప్పని ఎలా అనగలం? వాళ్ళ చేతిలో ఉన్నది ఆ మార్కుల కాగితమొక్కటే. అలాగని తప్పినవాళ్ళందరూ సుబ్బారావులే అని నేననడం లేదు. నేను లెక్కలు తప్పింది చదవక. అది నాకూ తెలుసు, లెక్కల సారుకీ తెలుసు. కానీ కాగితం మీద చదవక తప్పినవాడూ, అర్థంకాక తప్పినవాడూ, జ్వరంతో తప్పినవాడూ, భాష రాక తప్పినవాడూ అందరూ ఒకే అంకెగా కనిపిస్తారు.

తరవాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. ఒక దశలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసి అవుదామనుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. చదువు ఖర్చు చాలావరకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారే పెట్టుకున్నారు. అది గాంధీగారు విదేశీ గుడ్డ మానెయ్యమన్న కాలం. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు కోటు వేసుకుని నిలబడ్డారు. శస్త్రచికిత్స చెప్పే బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది కంటగింపైంది. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి ఆయన చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. మెట్రిక్కులో కనీసం కాగితం మీద రాసిందాన్ని చూసి మార్కు వేశారు. ఇక్కడ మనిషి తొడుక్కున్న గుడ్డని చూసి వేశారు. పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి అడిగే పరీక్షల్లో ఇదొక చిక్కు. అడిగేవాడు మన జవాబు వింటున్నాడో, మన మొహం, బట్ట, యాస చూస్తున్నాడో మనకి తెలియదు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు సంగ్రహణి జబ్బుతో పోయారు. ఇంగ్లీషులో దాన్ని స్ప్రూ అంటారు. తిన్నది వంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు చేసింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికారు. తరవాత కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ జబ్బుకి మందు ఎక్కడుందో వెతకాలని ఆయన మనసులో నాటుకుంది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి కొంత, మామగారు కొంత ఇస్తే, 1920ల మొదట్లో ఓడెక్కి అమెరికాలో బోస్టన్ నగరానికి వెళ్ళారు. శేషగిరి గారికి ఆయన మళ్ళీ కనిపించలేదు. కొడుకు పసితనంలోనే పోయాడు. గొప్పవాళ్ళ జీవితాల్లో ఈ ముక్కని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నేనూ దాటేస్తున్నాను. కానీ ఆవిడ ఎన్నేళ్ళు ఎదురుచూసి ఉంటుందో ఆలోచించండి.

హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా చదివారు. ఎల్.ఎం.ఎస్. కాగితం చూసి అక్కడ డాక్టరు పని ఎవరూ ఇవ్వలేదు. ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా, అంటే రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పనిలో కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని.

ఆయన అక్కడికి వెళ్ళిన ఆ రోజుల్లోనే అమెరికాలో తెలివి కొలిచే పరీక్షలంటే పెద్ద మోజుగా ఉండేది. ఈ పరీక్షలకి మొదలు పారిస్ నగరం. 1905లో బినే అనే ఆయన, సైమన్ అనే ఇంకొకాయనతో కలిసి, బడిలో ఎవరికి ఎక్కువ సాయం కావాలో తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు తయారుచేశారు. ఆయన ఉద్దేశం మంచిదే. వెనకబడ్డ పిల్లాడిని గుర్తుపట్టి చేయి పట్టుకు నడిపించడానికి. అది పుట్టుకతో వచ్చిన మారని కొలత అని ఆయన అనలేదు. అదే అమెరికా చేరేసరికి మనుషులకి మెట్లు కట్టే పని అయిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 17 లక్షల మందికి పైగా సైనికులకి ఈ పరీక్ష పెట్టారు. చదువు రానివాళ్ళకి బొమ్మలిచ్చి, ఈ బొమ్మలో ఏది లేదో గీయమన్నారు. టెన్నిస్ ఆడే చోట వల లేదు. గ్రామఫోనుకి బాకా లేదు. ఇంటికి పొగగొట్టం లేదు. సిసిలీ దీవి నుంచి వచ్చిన ఒకతను ఇంటి బొమ్మ మీద పొగగొట్టం బదులు శిలువ గీశాడు, వాళ్ళ ఊళ్ళో ఇంటికి అది ఉండి తీరాలి గనక. తప్పు అని కొట్టేశారు! ఆ మార్కులు పట్టుకుని కార్ల్ బ్రిగమ్ అనే ఆయన 1923లో పుస్తకం రాసి, ఫలానా దేశాలవాళ్ళు తెలివిలో ఎక్కువ, ఫలానావాళ్ళు తక్కువ అని తేల్చేశాడు. 1930లో తన లెక్క తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. మధ్యలో ఏడేళ్ళు గడిచిపోయాయి. 1924లోనే అమెరికా బయటివాళ్ళని రానివ్వకుండా గట్టి చట్టం కూడా చేసేసింది.

ఈ బొమ్మల సంగతి మనకి కొత్తేం కాదు. మన ఆరో తరగతి తమ్ముడొకడిని, ఇంట్లో కోయ మాట్లాడేవాడిని, బయటి నుంచి వచ్చిన ఒకాయన తెలుగులో నాలుగు ప్రశ్నలు అడిగారు. వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే వాన వెలిశాక వాడు కోయలో నాకు చెట్ల కింద పుట్టగొడుగులు చూపించి, ఏది తినొచ్చో, ఏది తింటే మనిషి బతకడో, కాడ చూసి ఎలా పోల్చాలో, ఏ పుట్ట మీద ఎప్పుడు లేస్తాయో పావుగంటసేపు ఆపకుండా చెప్పాడు. పదో తరగతి చదివే నాకు అందులో సగం తెలియదు. కాబట్టి మాట్లాడిస్తే తెలివి తెలుస్తుందా అంటే, తెలుస్తుంది. ఏ భాషలో, ఎవరు, దేన్ని గురించి మాట్లాడించారు అన్నది ముందు చెప్పాలి మరి.

సరే, మళ్ళీ బోస్టన్‌కి. ఆస్పత్రి పాత్రలు కడిగిన ఆ మనిషి హార్వర్డులో ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయనంలో చేరారు. నవ్వొచ్చే విషయం ఏంటంటే, ఆయన చేసిన మొదటి గొప్ప పని ఒక పరీక్షని తయారుచేయడమే! మనుషుల్ని కొలిచే పరీక్ష కాదు, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పరీక్ష. 1925లో ఫిస్క్, సుబ్బారావు ఇద్దరి పేర్ల మీదా అది అచ్చయింది. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ప్రపంచంలో జీవరసాయనం చదివేవాళ్ళకి అది నిత్యం వాడే పద్ధతి అయింది.

దాన్ని నాకు అర్థమైనంతవరకు చెబుతాను, సైన్సు మేడం తప్పులుంటే దిద్దాలి. ఫాస్ఫరస్ కంటికి కనపడదు. నమూనాలో ముందు మాంసకృత్తులు తీసేస్తారు, ఎందుకంటే అవి అడ్డొస్తాయి. తరవాత మాలిబ్డేటు అనే మందు, ఇంకో మందు కలిపితే ద్రవం నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. కానీ ఊరికే చూసి ముదురో లేతో చెప్పరు. పక్కన ఇంకో గొట్టం పెడతారు. అందులో ఎంత ఫాస్ఫరస్ ఉందో ముందే తెలుసు. ఆ తెలిసిన నీలంతో ఈ తెలియని నీలాన్ని పోలుస్తారు. అంటే కొలవాలంటే మూడు కావాలన్నమాట. దేన్ని కొలుస్తున్నామో తెలియాలి, అడ్డొచ్చేవి తీసెయ్యాలి, పక్కన పెట్టి పోల్చడానికి తెలిసిన కొలత ఒకటి ఉండాలి. తెలివికి అలా పక్కన పెట్టే గొట్టం ఎక్కడుందో నాకైతే ఇంతవరకు దొరకలేదు.

అసలు కథ దీని తరవాత ఉంది. ఈ పద్ధతితోనే కండరాన్ని పరీక్షిస్తుంటే ఒక వింత జరిగింది. రంగు రావలసినంత త్వరగా రాలేదు. మొదట లేతగా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా ముదురుతోంది. తొందరపడేవాళ్ళైతే మొదటి రంగు చూసి అంకె వేసుకుని గొట్టం కడిగేసేవాళ్ళు. లేదా నమూనా పాడైందనేవాళ్ళు. ఫిస్క్, సుబ్బారావు ఆగి చూశారు. ఎందుకు ఆలస్యం అవుతోంది అని వెతికారు. కండరంలో ఫాస్ఫరస్ ఇంకో పదార్థంతో ముడిపడి ఉందనీ, ఆ ముడి ఆమ్లంలో మెల్లగా విడుతోందనీ, అందుకే నీలం ఆలస్యంగా వస్తోందనీ తేలింది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏ.టి.పి. అనే ఇంకో పదార్థాన్ని వేరు చేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. మనం కబడ్డీ ఆడినా, ఈ పత్రిక చదవడానికి కన్ను కదిపినా ఖర్చయ్యేది ఏ.టి.పి.యే. కండరం ఎలా పనిచేస్తుందో చెప్పి 1922 నోబెల్ బహుమతి అందుకున్న హిల్, మయర్‌హాఫ్‌ల సిద్ధాంతాన్ని దీనివల్ల మళ్ళీ సరిచూసుకోవాల్సి వచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పిన మనిషి పని అది.

1930లో పి.హెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డు వాళ్ళు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఇక్కడ ఆయన్ని మార్కులూ తప్పించలేదు, ఖద్దరూ తప్పించలేదు. ఆయన తన పని గురించి తాను గొంతెత్తి చెప్పుకునే మనిషి కాదు. పత్రికలవాళ్ళకి దొరికేవారు కాదు, పేరు పక్కవాళ్ళకి వదిలేసేవారు. ఫిస్క్ దగ్గరే చదివి, తరవాత 1988లో నోబెల్ అందుకున్న హిచింగ్స్ ఒక మాట బయటపెట్టారు. సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాల్ని ఫిస్క్ అసూయతో వెలుగులోకి రానివ్వలేదనీ, చాలా ఏళ్ళకి వేరేవాళ్ళు వాటిని మళ్ళీ మొదట్నించీ కనుక్కోవాల్సి వచ్చిందనీ దాని సారాంశం. ఇంటర్వ్యూలో బాగా మాట్లాడినవాడే తెలివైనవాడైతే సుబ్బారావు గారు అక్కడా తప్పినట్టే.

1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, తరవాత అక్కడి పరిశోధనకంతా పెద్ద అయ్యారు. ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో ఒక మనిషి, ఆయన జట్టు ఇంత చేశారా అనిపిస్తుంది. కాలేయంలో చాలా కొద్దిగా ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకుని, 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశారు. దాని బలాన్ని అప్పట్లో ఎలా చూసేవారంటే, ఒక రకం బాక్టీరియాకి దాన్ని ఆహారంగా పెట్టి ఆ బాక్టీరియా ఎంత పెరిగిందో చూసేవారు. ఈ ఫోలిక్ ఆమ్లమే స్ప్రూ జబ్బుకి పనిచేసింది. అవును, అన్నదమ్ములిద్దర్నీ తీసుకుపోయిన ఆ జబ్బుకే.

దాని రూపాన్ని కొద్దిగా మార్చి తయారుచేసిన అమినోటెరిన్‌ని బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ పిల్లలకి ఏ దారీ లేదు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి డగ్గర్ అనే ముసలి శాస్త్రవేత్త ఆరియోమైసిన్ తీసింది కూడా సుబ్బారావు గారి ప్రయోగశాలలోనే. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. బోదకాలుకి హెట్రజాన్, అదే మన డి.ఇ.సి., 1947లో వచ్చింది. ఎక్కడో పెర్ల్ రివర్‌లో తయారైన మాత్ర భీమవరం కాలవ గట్ల మీద బోదకాళ్ళతో నడిచే మనుషుల దగ్గరికి చేరింది.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే పోయారు. యాభై మూడేళ్ళు. 1953లో హెసెల్టీన్ అనే శాస్త్రవేత్త మురుగునీళ్ళు శుభ్రం చేసేచోట పెరిగే ఒక కొత్త బూజు జాతికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. మన ఆరో తరగతి తమ్ముడికి ఈ సంగతి చెబితే, అది తినొచ్చా అని అడిగాడు. 1995లో నూరేళ్ళు నిండినప్పుడు మన దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. ఆ బిళ్ళ బొమ్మని చూసి మా జట్టులో బొమ్మలు వేసే అమ్మాయి స్కెచ్ పెన్నుతో వేసిందే ఈ చార్టు పైన ఉన్న బొమ్మ. ముక్కు సరిగ్గా రాలేదని తనే అంటోంది, క్షమించాలి.

చోటు అయిపోతోంది. ఒక్క మనవి. పైన చెప్పిన మా మిత్రుడు మార్చిలో ప్రైవేటుగా మళ్ళీ రాస్తున్నాడు. ఫీజు కట్టేశాడు. లెక్కలు, భౌతికశాస్త్రం నోట్సు ఎవరి దగ్గరైనా రెండు కాపీలు ఉంటే గురువారం లోపు నాకు ఇవ్వండి. వాడి ట్రంకు పెట్టెలో పెట్టి శుక్రవారం సంతకి వెళ్ళే బస్సులో పంపుతున్నాం.